మోకాళ్ళు ఎంచిన ఊరు

వల్పరాయిసోలో మా ఇంటికి నూట అరవై రెండు మెట్లు.
కొండెక్కే పెట్టెబండిని మరమ్మతుకని ఆపేశారు.
ఆరు నెలలన్నారు. నాలుగేళ్ళయింది.
అదే బండికి ఇరవై ఏళ్ళు టికెట్లు చింపినదాన్ని,
ఉల్లిపాయల సంచీతో ఎనభయ్యో మెట్టు మీద చతికిలబడి
సముద్రాన్ని చూడటం మానేసి
మోకాళ్ళని చూసుకోవడం మొదలెట్టాను.

ఆ రాత్రే కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను,
నాకెలాంటి ఊరు కావాలో.
చదునుగా ఉండాలి.
నీళ్ళుండాలి, ఎక్కడో కిందకాదు,
పక్కన, నాతో పాటు నడుస్తూ.
చీకటితోనే తెరిచే రొట్టెల కొట్టు.
కారు లేనివాళ్ళని కూడా మనుషుల్లో జమకట్టాలి.
ఒక్కదాన్నే భోజనానికి కూర్చుంటే
"ఇంకెవరైనా వస్తున్నారా?" అని అడగని హోటలు.
ఆ చివరిది కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

"శాంటియాగో వచ్చెయ్, పెద్దాసుపత్రులున్నాయి" అంది చెల్లెలు ఎర్మీనియా.
ఆసుపత్రి పక్కన కాపురం పెట్టేంత రోగం
ఇంకా రాలేదే అన్నాను.
లా సెరెనాలో వారం రోజులుండి చూశాను.
ఎండ బాగుంది, ఇసక బాగుంది,
అందరి మొహాల్లోనూ తిరుగుప్రయాణం టికెట్టు కనిపించింది.

వల్దీవియాని జనవరిలో చూశాను.
మాకు జనవరంటే నడి ఎండాకాలం,
పెళ్ళిచూపులకి ముస్తాబైన ఊరన్నమాట!
నది అద్దంలా ఉంది.
చేపల బజారు వెనక చెక్కల మీద
సముద్రసింహాలు, లావుపాటి మావయ్యల్లా,
ఒకదాని మీద ఒకటి పడి గుర్రుపెడుతున్నాయి.
తలలూ పేగులూ వాటికి విసురుతూ
రోసెందో అనే చేపలాయన నన్నడిగాడు:
"చూడ్డానికొచ్చావా, ఉండటానికా?"
ఏం చెప్పాలో తెలీక అరకిలో చేప కొన్నాను.
మర్నాడు అద్దె కాగితం మీద సంతకం పెట్టాను.

వాన సంగతి ఎవరూ చెప్పలేదు.
చెప్పారేమో, ఆ ఎండలో నాకే వినబడలేదేమో.
మేలో మొదలైంది. జూన్‌లో కూడా అదే వాన.
ఆగిందనుకుని తలుపు తీస్తే
ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకునేది.
గొడుగు తీసుకెళితే గాలి తిరగేసింది.
ఇక్కడివాళ్ళు గొడుగు పట్టరని
మూడు గొడుగులు పోయాక తెలిసింది.

పొయ్యిలోకి కట్టెలు కొన్నాను, చవగ్గా వచ్చాయని.
ఇల్లంతా పొగ, వెచ్చదనం మాత్రం లేదు.
కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి ముందు కూర్చుని
పొగకే ఏడుస్తున్నానని సర్దిచెప్పుకున్నాను.
కొండ మీద కిటికీలోంచి కిటికీకి కేకలేసుకునేవాళ్ళం,
ఎవరొస్తున్నారో పై నుంచే తెలిసేది.
ఇక్కడ మనుషులు మలుపులో హఠాత్తుగా
నా ఎత్తులోనే ఎదురవుతారు,
మొహం సర్దుకునే వ్యవధి ఇవ్వరు.

అలా ఎదురైనదే పక్కింటి ఓతీలియా నావెల్‌పాన్.
నా పొగ వాళ్ళింట్లోకి పోతోందని పోట్లాటకొచ్చింది.
పొయ్యి తలుపు తెరిచి చూసి నవ్వింది.
రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది: దబ్బు.
తన ఇంట్లోంచి రెండు తెచ్చి కొట్టింది: టంగు.
"మోగేది కొనుక్కో, మూలిగేది కాదు."
ఆ సాయంత్రం ఆమె కట్టెలే మండాయి.
అప్పు తీరుస్తానంటే కసురుకుంది,
అయినా వేసవిలో లెక్కపెట్టి తీసుకుంది.

రెండో చలికాలం ఇది.
రొట్టెల కొట్టు చీకటితోనే తెరుస్తారు.
నది పక్కన నడుస్తుంటే నా మోకాళ్ళకి
మెట్ల మాటే గుర్తులేదు.
బిల్లు వెనక రాసుకున్నది వంటింటి గోడకే ఉంది,
తేమకి సిరా సగం కారిపోయింది.
కొన్ని రాత్రులు కలలో మెట్లెక్కుతాను,
పైకి చేరేసరికి అందరూ పేరు పెట్టి పిలుస్తారు.
అది మాత్రం ఈ ఊరు ఇంకా ఇవ్వలేదు.

వాన ముందు మోకాళ్ళు సలుపుతాయి.
గంట ముందే, కచ్చితంగా.
రేడియో తప్పింది గానీ ఇవి తప్పలేదు.
ఇవాళ పొద్దున బట్టల బుట్ట చంకనెత్తుకుని
గోడ మీద నుంచి ఓతీలియా కేకేసింది:
"ఏమేవ్, మోకాళ్ళేమంటున్నాయి?"

కాళ్ళు చాపి ఒక్క క్షణం విన్నాను.
"ఆరేసుకో" అన్నాను,
"మధ్యాహ్నం దాకా నాదీ పూచీ."